షాపు గొంతు



మా నాన్న మంచినీళ్లు అడిగితే పక్క క్వార్టరు వాళ్లు ఇంట్లో గొడవ జరుగుతోందనుకునేవారు. రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ మాది. డబ్ల్యూఆర్ఎస్ అంటే వ్యాగన్ రిపేర్ షాపు, గూడ్సు డబ్బాలు మరమ్మతుకొచ్చే రైల్వే కార్ఖానా. రైల్వే పని కోసం విజయనగరం లైను పట్టుకుని శ్రీకాకుళం, పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి. నాన్నది రివిట్ల పని. రోజంతా గాలి సుత్తుల మోతలో నిలబడి, సైరను కొట్టాక సైకిలెక్కి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే “అమ్మీ, మంచినీళ్లు!” అని ఒక కేక. షెడ్డు ఆ చివరనున్న హెల్పరుకి వినబడాల్సిన కేక అది. మా ఇల్లేమో రెండు గదులు.

కొత్తగా దిగిన ఛత్తీస్‌గఢీ పొరుగావిడ ఒకసారి గోడ మీంచి తొంగి చూసి, “క్యా హువా దీదీ, భయ్యా నారాజ్ హై క్యా?” అని అడిగింది. అమ్మ ఆవిడకేం సర్దిచెప్పిందో గుర్తులేదు గానీ, లోపలికొచ్చి నాతో అన్నది మాత్రం గుర్తుంది. “కోపం కాదే, అది షాపు గొంతు. ఇంటి గొంతు ఇంకా రానేదు. కూకుని టీ తాగితే వస్తాది.”

నిజంగానే వచ్చేది. టీ అయ్యేసరికి నాన్న గొంతు సగానికి దిగేది. ఆ దిగడం గురించి ఫ్రాన్సులో ఒక చెవి డాక్టరు 1911లోనే రాశాడని నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది. ఆయన పేరు ఎటియెన్ లొంబార్. మనిషి మాట్లాడుతుండగా చెవుల్లో మోత పెడితే, తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడు. మోత ఆపితే తగ్గిస్తాడు. దీన్ని లొంబార్ ప్రభావం అంటారు. ఆయన దీన్నొక కిటుకుగా కూడా వాడుకున్నాడు. చెవుడు నటిస్తున్నాడని అనుమానమున్న మనిషి చేతికి ఏదైనా ఇచ్చి చదవమని, చెవిలో మోత పెట్టడం. నిజంగా వినబడనివాడి గొంతు మారదు. నటించేవాడి గొంతు పెరిగి దొరికిపోతాడు. రైల్వే మెడికల్ బోర్డుకి ఎవరైనా ఈ సంగతి చెబితే మా కాలనీలో కొందరు పెద్దలు నొచ్చుకునేవారు, అది వేరే విషయం.

మోతలో మాట్లాడినప్పుడు గొంతు పెద్దదవడంతో సరిపోదు. స్థాయి పైకెళ్తుంది, అచ్చులు సాగుతాయి, నోరు ఇంకా విప్పారుతుంది. పిట్టలు కూడా ఇలాగే చేస్తాయని తర్వాతి పరిశోధకులు చూశారు. అంటే నాన్నది మొరటుతనం కాదు, ప్రాణికి పుట్టుకతో వచ్చిన లెక్క. కాకపోతే ముప్ఫై ఏళ్లు గాలి సుత్తుల దగ్గర నిలబడ్డవాడికి ఇంకోటి కూడా తోడవుతుంది. మోత వల్ల వచ్చే చెవుడు మామూలుగా సెకనుకి నాలుగు వేల కంపనాల దగ్గర మొదలవుతుంది. స, శ, త లాంటి హల్లుల్ని విడదీసి పట్టుకునే చోటు అది. మాట వినబడుతుంది, ఏం మాటో తెలియదు. అందుకే నాన్న “ఏటీ?” అనడం ఏడాదికేడాది పెరిగింది, టీ తాగాక గొంతు దిగడం తగ్గుతూ వచ్చింది. అమ్మ దాన్ని వయసు ఖాతాలో వేసింది.

ఇక నా గొంతు సంగతి. నేను టీచర్ని, ఇరవై ఏడేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. అరవై మంది పిల్లలు, కిరకిరలాడే ఫ్యాను, కిటికీ అవతల లారీల రోడ్డు. మైకు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాక్కూడా. ఒక దసరాకి మా డబ్ల్యూఆర్ఎస్ మైదానానికి వెళ్లాం. రాయ్‌పూర్ మొత్తం కదిలొచ్చే రావణదహనం అది. వందడుగులకి అటూ ఇటూగా ఉండే రావణుడు, చెట్టు చెట్టుకీ లౌడుస్పీకర్లు, పక్కనున్న మనిషి చెవిలో అరిస్తే తప్ప మాట వినబడదు. తప్పిపోయిన మేనకోడలి కోసం ఆ రాత్రి అరగంట కేకలేశాను. పిల్ల ఐస్‌క్రీం బండి దగ్గర దొరికింది. తెల్లారేసరికి నా గొంతు లేదు.

జలుబన్నారు ఒక డాక్టరు. మాత్రలు మూడు విడతలు మింగాను. రెండు నెలలైనా గొంతు చిరిగిన పాత గుడ్డలాగే ఉంది. సెలవు పెడితే, నడవగలిగి ఉండి, జ్వరం కూడా లేకుండా సెలవెందుకని బడి ఆఫీసులో ఒకాయన అడిగాడు. గొంతు పోవడం ఆయన దృష్టిలో జబ్బు కాదు. జవాబు చెప్పడానికి నాకు గొంతూ లేదు.

ఆఖరికి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర తెర మీద నా స్వరతంత్రుల్ని నేనే చూశాను. తంత్రులని పేరే గానీ వీణ తీగల్లా ఉండవు. ముత్యపు తెలుపులో రెండు మడతలు, ఆడవాళ్లకి సెంటీమీటరున్నరకి అటూ ఇటూగా పొడుగు. ఊపిరి పీల్చినప్పుడు త్రికోణంలా విడిపోయాయి, “ఈ” అనమంటే దగ్గరికొచ్చాయి. కానీ పూర్తిగా మూసుకోలేదు. రెండు అంచుల మీదా, ముందు నుంచి మూడోవంతు దూరంలో, ఎదురెదురుగా ఆవగింజల్లాంటి బొడిపెలు. ఆ రెండూ ముందే తగులుకుని, వాటికి అటూ ఇటూ సందు మిగిలిపోతోంది. ఆ సందులోంచి గాలి లీకవుతుంటే వచ్చేదే నా బొంగురు. టీచర్లకీ, పాటగాళ్లకీ, కేకలేసే పిల్లలకీ ఎక్కువగా వచ్చేవి ఇవే. క్యాన్సరు కాదు, కాయకష్టం చేసిన చేతికి పడ్డ కాయల్లాంటివి అన్నారు డాక్టరు.

నాకు ఆశ్చర్యం వేసింది వేరే దానికి. ఆడవాళ్ల స్వరతంత్రులు మామూలు మాటల్లో సెకనుకి సుమారు రెండు వందల సార్లు కొట్టుకుంటాయి, మగవాళ్లవి నూటికి కాస్త పైన. అంత వేగాన్ని కన్ను పట్టుకోలేదు కదా, తెర మీద మెల్లగా అలలాగా ఎలా కదిలాయి? డాక్టరు దీపం చూపించారు. గొంతు కంపనానికి ఒక్క రవ్వ తేడాతో ఆ దీపం మిణుకుతుంది. ఒక్కో మిణుకుకి ఒక్కో చుట్టులోంచి కాస్త కాస్త ముందుకి జరిగిన ముక్క కనబడుతుంది. ఆ ముక్కలన్నీ కలిసి మెల్లని కదలికలా తోస్తాయి. నాకు వెంటనే నాన్న గుర్తొచ్చాడు. షాపులో ట్యూబులైటు కింద తిరిగే లేతు ఒక్కోసారి ఆగినట్టు కనబడుతుందని, చెయ్యి పెట్టబోయిన కుర్రాణ్ణి లాగిపారేశానని చెబుతుండేవాడు. షాపులో వేళ్లు తీసే మాయే ఇక్కడ వైద్యానికి పనికొస్తోంది! ఓర్టెల్ అనే జర్మన్ డాక్టరు 1878లోనే ఈ మిణుకు వెలుగుతో గొంతు చూశాడు.

అంతకుముందు గొంతుని చూసినవాడు డాక్టరే కాదు, సంగీతం మాస్టారు. మాన్యుయెల్ గార్సియా 1854లో పళ్ల డాక్టరు అద్దం ఒకటి అంగిలి దగ్గర పెట్టుకుని, చేతిలో ఇంకో అద్దంతో ఎండని దాని మీదకి మళ్లించి, పాడుతున్న తన గొంతుని తనే చూసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ వివరాలు లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. ఆయన 101 ఏళ్లు బతికాడు. గొంతు గురించి పట్టించుకున్నవాళ్లు నిండు నూరేళ్లు బతుకుతారని నేననడం లేదు.

చూశారు సరే, ఆ మడతల్ని కొట్టుకునేలా చేస్తున్నదేమిటి? దీని మీద పెద్ద తగువే నడిచింది. ఒక్కో కంపనానికీ మెదడు నరం ద్వారా ఒక్కో ఆజ్ఞ పంపుతుందని 1950లో ఉస్సాన్ అనే ఫ్రెంచాయన వాదించాడు. కాదు, గాలి పని అన్నాడు డచ్చి శాస్త్రవేత్త యాన్‌విల్లెం వాన్ డెన్ బర్గ్, 1958లో. ఆయన మాటే నిలిచింది. అసలు పందొమ్మిదో శతాబ్దంలోనే యోహానెస్ ముల్లర్ శవం నుంచి తీసిన స్వరపేటికలోకి గాలి ఊది స్వరం పలికించాడు. శవానికి ఆజ్ఞలిచ్చే మెదడెక్కడిది? చిన్నపిల్లలు పెదాలు బిగించి “బుర్ర్” అని లారీ నడుపుతారు చూడండి, అక్కడ ఒక్కో అదురూ వాళ్లు చెయ్యడం లేదు. పెదాల్ని తగు మాత్రం దగ్గరపెట్టి ఊదుతున్నారు, మిగతాది గాలీ కండ సాగుడూ చూసుకుంటున్నాయి. గొంతులోనూ అంతే. 1974లో జపాన్ డాక్టరు మినోరు హిరానో దీనికి ఇంకో సంగతి చేర్చాడు. స్వరతంత్రి ఒకే ముద్ద కాదు, లోపల కండ, పైన ముంజెకాయ గుజ్జులాంటి మెత్తని పొర. అలలాగా కదిలేది ఆ పైపొర. నా ఆవగింజలు పుట్టింది కూడా అక్కడే.

లెక్కల టీచర్ని కాబట్టి లెక్క వేశాను. సెకనుకి రెండు వందలు. రోజు మొత్తం మీద నా గొంతు నిజంగా మోగే సమయం ఒక్క గంటే అనుకున్నా, ఏడు లక్షల ఇరవై వేల సార్లు ఆ రెండు అంచులూ ఒకదాన్నొకటి తాకుతాయి. ఒక్క రోజులో. షాపులో వ్యాగనుకి గడువు తిరిగొచ్చేసరికి పీఓహెచ్ అనే పూర్తి ఓవర్‌హాల్ ఉంటుంది, విప్పి, తుడిచి, అరిగింది మార్చి మళ్లీ పట్టాలెక్కిస్తారు. ఇరవై ఏడేళ్లలో నా గొంతుని ఒక్కరైనా చూడలేదు. 2004లో అమెరికాలో నెల్సన్ రాయ్ బృందం అయోవా, యూటా రాష్ట్రాల్లో టీచర్లనీ, ఇతర పనులవాళ్లనీ కలిపి రెండున్నర వేల మందిని అడిగింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు చెడిందన్నవాళ్లు టీచర్లలో వందకి సుమారు 58 మంది, మిగతావాళ్లలో 29 మంది. అంటే రెండింతలు. ఆ లెక్క చదివినప్పుడు బడి ఆఫీసులో ఆ పెద్దమనిషికి కాయితం పంపుదామనుకున్నాను, ఆయన అప్పటికే రిటైరైపోయాడు.

నన్ను డాక్టరు మూడు వారాలు మాట్లాడొద్దన్నారు. నేను గుసగుసలాడాను. అది తప్పని తర్వాత తెలిసింది, గుసగుసలో చాలామంది గొంతుని ఇంకా బిగిస్తారు. కానీ ఆ గుసగుసలో ఒక తమాషా జరిగింది. ఆకలేసి మా అమ్మాయితో “గంజి” అన్నాను. “కంచికెందుకమ్మా ఇప్పుడు?” అంది. గుసగుసలో స్వరతంత్రులు మోగవు. మోత తీసేస్తే గ కాస్తా కకి, జ కాస్తా చకి దగ్గరైపోతాయి. గంజి కంచికి పోతుంది. చిన్నప్పుడు వ్యాకరణంలో కచటతపలు పరుషాలు, గజడదబలు సరళాలు అని బట్టీపట్టింది గుర్తొచ్చింది. గొంతు మోగకుండా పలికేవి అవి, మోగిస్తూ పలికేవి ఇవి. గొంతు మీద వేలు పెట్టుకుని “స్ స్ స్” అనండి, తర్వాత “మ్ మ్ మ్” అనండి. వేలికే తెలిసిపోతుంది. “వాడు కొట్టె” కాస్తా “వాడు గొట్టె” అయ్యే గసడదవాదేశం కూడా నాకిప్పుడు గొంతు పనిగానే వినిపిస్తుంది. అటు అచ్చు మోగుతోంది, ఇటు అచ్చు మోగుతోంది, మధ్యలో ఒక్క హల్లు కోసం ఆపి మళ్లీ మొదలెట్టడమెందుకని గొంతు మోగిస్తూనే పోతుంది. మేస్టారు అప్పుడీ మాట చెప్పి ఉంటే నాకు సంధులంటే భయం ఉండేది కాదు.

అమ్మ వైద్యం అమ్మది. మిరియాల పాలు, బుగ్గన కరక్కాయ ముక్క, శొంఠి కషాయం. కాదనలేదు, హాయిగా ఉంటుంది. అయితే మనం మింగేదేదీ స్వరతంత్రుల్ని తాకదు. మింగేటప్పుడు గాలిగొట్టం మూతపడుతుంది, పాలు వెనక దారిన పోతాయి. ఒక్క చుక్క దారి తప్పి అటు తగిలితే ఏమవుతుందో మనందరికీ తెలుసు, పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారంటాం. తంత్రులకి తడి కావాలంటే ఒళ్లంతటికీ చాలినన్ని నీళ్లు తాగాలి, ఆవిరి పీల్చాలి.

నాకు పని చేసిన మందు కొబ్బరిబోండాం గొట్టం. నవ్వకండి. గ్లాసులో సగం నీళ్లు పోసి, గొట్టం మునిగేలా పెట్టి, నోటితో దాన్ని పట్టుకుని “ఊ” అని స్వరం తీస్తూ బుడగలు రేపాలి. అమెరికాలో ఇంగో టిట్జె అనే శాస్త్రవేత్త ఈ గొట్టం సాధనకి లెక్కలు కట్టి ప్రచారం చేశాడు. నోటి దగ్గర దారి ఇరుకైతే గాలి కొంత వెనక్కి నెడుతుంది, ఆ నెట్టుడు తంత్రుల్ని ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా ఆపుతూ, తక్కువ ఊపిరితోనే మోగనిస్తుంది. రోజూ పొద్దున్నే నేను బుడగలు రేపుతుంటే మనవడు కూడా ఒక గ్లాసు తెచ్చుకుని కూర్చునేవాడు. వాడి గ్లాసులో పాలుండేవి. నాలుగు నెలలకి ఆవగింజలు కరిగాయి, కత్తి పడలేదు.

మనవడి మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. వాడు “అమ్మమ్మా, నీ కల్లు ఎర్రగా ఉన్నాయి” అంటాడు. ఇంట్లో కల్లు ఎక్కడిదిరా అని వాళ్ల తాత వేళాకోళం. చుట్టూ ఉన్న హిందీలో ళ లేదు, వాడి నాలుక అంతదూరం వెనక్కి పోవడం నేర్వలేదు. వాడి ట కూడా మా ట కాదు. మన ధ్వనిశాస్త్రవేత్త పేరి భాస్కరరావు, పీటర్ లేడిఫోగెడ్‌తో కలిసి 1983లో ప్రచురించిన పరిశోధన ఉంది. హిందీ, తెలుగు, తమిళం మాట్లాడేవాళ్లు ట లాంటివి పలికేటప్పుడు ఎక్స్‌రే తీసి చూశారు. హిందీవాళ్లు ఎక్కువగా నాలుక మొనని పైకెత్తి తాకిస్తున్నారు. తెలుగు, తమిళంవాళ్లు నాలుకని ఇంకా మడిచి, మొన అడుగుభాగాన్ని అంగిలికి ఆనిస్తున్నారు. అక్షరం పేరు ఒక్కటే, పని వేరు. మనవణ్ణి బళ్లో ఎవరో నత్తిపిల్లాడన్నారు. నత్తి కాదు, రాయ్‌పూర్ నాలుక. పిల్లవాడి పలుకులో దోషముందో లేదో తేల్చే ముందు ఏ భాష మధ్య పెరుగుతున్నాడో అడగాలి. మైసూరులో 1965లో పెట్టిన ఆలిండియా స్పీచ్ అండ్ హియరింగ్ సంస్థ లాంటి చోట్ల చదువుకున్న చికిత్సకులు ముందు అదే అడుగుతారు.

మళ్లీ గొంతులోకి వద్దాం, ఎందుకంటే దాని మీద హైదరాబాదులో ఒక తెలుగాయన చేసిన పని ఉంది. ఆచార్య బి. యజ్ఞనారాయణ. ఐఐటీ మద్రాసులో చాలా ఏళ్లు, తర్వాత ట్రిపుల్ ఐటీ హైదరాబాదులో మాట సంకేతాల మీద పనిచేశారు. స్వరతంత్రులు టప్పున మూసుకునే క్షణం ఉంది చూడండి, ఆ క్షణమే నోటి గొట్టాన్ని చప్పట్లా చరిచి మోగిస్తుంది. ఆ క్షణాల్ని గొంతులోకి ఏ గొట్టమూ దింపకుండా, రికార్డు చేసిన మాటలోంచే ఏరడమెలాగో ఆయనా, శిష్యుడు శ్రీరామమూర్తీ 2008లో చూపించారు. ఉపాయం వినడానికి వింతగా ఉంటుంది. నోటి ఆకారం వల్ల వచ్చే మోతలన్నీ పై కంపనాల్లో ఉంటాయి కాబట్టి, సున్నా కంపనం దగ్గర మోగే జల్లెడలోంచి మాటని పంపితే ఆ గోలంతా రాలిపోయి చప్పట్లే మిగులుతాయి. తర్వాత అదే బృందం నుంచి వి.కె. మిత్తల్‌తో కలిసి 2013లో కేకల మీద ఒక పరిశోధన వచ్చింది. మామూలు మాటలో కంటే కేకలో స్వరతంత్రులు ప్రతి చుట్టులోనూ ఎక్కువ వాటా సమయం మూసుకునే ఉంటాయి. గాలి వెనక పోగుపడి, పేలినట్టు తన్నుకొస్తుంది. అది చదువుతుంటే దసరా రాత్రి మైదానమే కళ్ల ముందు కదిలింది. అరగంటలో నా గొంతుకి జరిగింది ఇదన్నమాట.

బొంగురు అంతా నాలా ఆవగింజలే అనుకోకండి. మా వైపు ఖైనీ, గుట్కా, పళ్లకి రాసుకునే గుడాఖు ఇంటింటికీ ఉన్నాయి, చుట్టా బీడీ సరేసరి. జలుబు లేకుండా బొంగురు మూడు వారాలు దాటితే, అందులోనూ పొగతాగే మనిషైతే, కషాయాలు పక్కనపెట్టి గొంతు లోపలికి దీపం వేయించుకోవాలి. స్వరపేటిక క్యాన్సరుని తొలిరోజుల్లో పట్టుకుంటే గొంతు దక్కే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అక్కడ రవ్వంత పుండైనా వెంటనే మాటలో తెలిసిపోతుంది. స్వరపేటిక తీసేయాల్సి వచ్చినవాళ్లకి బెంగళూరు డాక్టరు విశాల్ రావు మళ్లీ మాట్లాడడానికి యాభై రూపాయల్లో తయారయ్యేలా చిన్న కవాటం ఒకటి రూపొందించారు. పాన్ డబ్బాలో యాభై రూపాయలు ఎన్నాళ్లొస్తాయో మీకు తెలుసు.

నాన్న ఎనభైకి దగ్గరపడ్డాక బలవంతాన చెవి మిషను పెట్టించాం. పెట్టిన సాయంత్రం అరుగు మీద కూర్చుని పక్క చెట్టు మీద పిట్టల్ని వింటూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికొచ్చి, మెల్లగా, మామూలు మనుషుల్లా, “మంచినీళ్లు” అన్నాడు. యాభై ఏళ్లుగా షాపు గొంతుకి అలవాటుపడ్డ అమ్మ వంటింట్లోంచి కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

“ఏటి, ఒంట్లో బాగోనేదా? గొంతు లెగట్నేదేటి?”